కాదనడానికి కావలసిన ఇంగ్లీషు

మా కంపెనీలో చైనావాళ్ళందరికీ రెండేసి పేర్లుండేవి. అమ్మానాన్నలు పెట్టింది ఒకటి, ఇంగ్లీషువాళ్ళ నోటికి తేలిగ్గా తిరగాలని తగిలించుకున్నది ఒకటి. సౌదీలో ఖమీస్ ముషైత్ కొండల్లో రోడ్డు వేయడానికొచ్చిన ఆ కెవిన్‌లనీ టోనీలనీ చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత మానేశాను. నా పేరు కొర్నేలు. నరసాపురంలో ఎవరో దొర మా తాతకి పెట్టిన పేరు ఇంట్లో తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. నేనెవర్ని చూసి నవ్వాలి?

రెండో పేరు వద్దని మొండికేసినవాడు ఒక్క తాన్ సారే. కొండవాలు నిలబడుతుందా, జారుతుందా అని చూసి చెప్పే ఇంజనీరు. యాభై దాటిన మనిషి. చేరిన కొత్తలో ఆయనకి థామస్ అని పేరు పెడదామన్నారట. "నా పేరు తాన్. పిలవడం రానివాళ్ళు నేర్చుకుంటారు" అన్నాడట. అది విన్నప్పుడే ఆయన మీద నాకు ఇష్టం పుట్టింది.

పౌరుషానికి లోటు లేదు గానీ ఆయనకి ఇంగ్లీషు రాదు. అందుకని కంపెనీ ఒక దుబాసిని పెట్టింది. అతనే కెవిన్. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవాడు. తాన్ సారు చైనీసులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పడం అతని ఉద్యోగం. చెప్పేవాడనే నేనూ అనుకున్నాను.

నేను సైట్ క్లినిక్‌లో నర్సుని. ఆదివారం పొద్దున వాక్యం వినాల్సిన వేళ కన్సల్టెంట్ ఆఫీసులో వారం మీటింగుకి వెళ్ళి, ఆ వారం ఎవరికి ఏ దెబ్బ తగిలిందో చదివి కూర్చునేవాణ్ణి. మా వైపు పెద్ద ప్రాజెక్ట్ మేనేజర్ గావ్. పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసే కన్సల్టెంట్ వైపు పెద్ద జోర్డాన్ మనిషి, నబీల్. అక్కడ ఇంజనీరుని ముహందిస్ అంటారు కాబట్టి అందరికీ ఆయన ముహందిస్ నబీల్.

ఆ మీటింగుకి ఒక పద్ధతి ఉండేది. ఇంగ్లీషులో పలికిన మాటే నబీల్ కొట్టుకునే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మినిట్స్‌లోకి ఎక్కిందే జరిగినట్టు లెక్క. అరబ్బీలో అరుచుకోవచ్చు, చైనీసులో మొత్తుకోవచ్చు, నాలాంటివాడు లోలోపల తెలుగులో తిట్టుకోవచ్చు. అవేవీ ఎవరూ అన్నట్టు కాదు, ఎవరూ విన్నట్టూ కాదు.

అది లెవీ మొదలైన ఏడు. నితాఖత్ అని ప్రభుత్వం అప్పటికే కంపెనీలకి రంగులు పూసి ఉంది. సౌదీవాళ్ళకి ఉద్యోగాలిస్తే పచ్చ, ఇవ్వకపోతే ఎరుపు. దాని మీద ఈ లెవీ, అంటే పరాయి దేశపు మనిషి తలకి ఇంతని నెలనెలా పన్ను. మా గావ్‌కి మనిషిని చూస్తే మనిషి కనపడడం మానేసి పన్ను కనపడసాగింది. కొండ కోసి రోడ్డు వేస్తున్నచోట, కింద అడ్డుగోడ ఒకటి లేవాలి. అది లేస్తే ఆ పనిలో ఉన్న గుంపు మొత్తాన్నీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయొచ్చు. కనుక గోడ రేపటికల్లా లేవాలి. వాన పడుతున్నా సరే, పైనుంచి రాళ్ళు పడుతున్నా సరే.

రాళ్ళు నిజంగానే పడుతున్నాయి. గోడ పునాది తవ్వేది పీరయ్య గుంపు. కడప వైపు మనుషులు, అందరూ ఒకరికొకరు చుట్టాలే. ఒకరోజు పీరయ్య తన తమ్ముడి వరస మనిషిని భుజం పట్టుకుని క్లినిక్‌కి తీసుకొచ్చాడు. పిడికిలంత రాయి అంత ఎత్తునుంచి పడితే భుజం ఏమవుతుందో అదే అయింది.

"కొర్నేలు సార్, ఆ గుట్ట నిలబడేట్టు ల్యా. పొద్దన్నుంచీ రాల్తానే ఉండాది. ఎవురికి చెప్పుకోవల్ల సార్ మేము?" అన్నాడు పీరయ్య.

"తాన్ సారు ఉన్నారుగా పీరయ్యా. మీటింగులో చెప్తారులే. ఆయన పనే అది" అన్నాను కట్టు కడుతూ.

తాన్ సారు చెప్పాడు. ఆ ఆదివారం మీటింగులో లేచి నిలబడి, మొహం కందగడ్డ చేసుకుని, బల్ల మీద చేత్తో కొండవాలు గీసి చూపిస్తూ చైనీసులో చాలాసేపు మాట్లాడాడు. బల్ల గుద్దాడు కూడా. ఆయన కూర్చున్నాక కెవిన్ చిరునవ్వుతో నబీల్ వైపు తిరిగాడు. "కొండవాలు విషయంలో అన్ని జాగ్రత్తలూ తీసుకుంటామని మిస్టర్ తాన్ హామీ ఇస్తున్నారు. నో ప్రాబ్లం" అన్నాడు.

"గుడ్" అన్నాడు నబీల్. తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయారు.

బయటికొచ్చాక తాన్ సారు నన్ను ఆపి, ఫోన్‌లో ఏదో కొట్టి నా ముందు పెట్టాడు. చైనీసు కింద ఇంగ్లీషులో ఒక ప్రశ్న. 'నేను మాట్లాడాక కెవిన్ ఏమన్నాడు?' తెలియదని తలూపి నేను తప్పించుకోవచ్చు. కానీ ఆ భుజం నా కళ్ళముందే ఉంది. ఒళ్ళు మండుతోంది. కెవిన్ అన్నది అన్నట్టుగా కొట్టి ఫోన్ ఆయన చేతికిచ్చాను. చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కొండవైపు నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ తిని కాసేపు నడుం వాల్చే వేళ, క్లినిక్ తలుపు తట్టాడు. జ్వరమా అని నుదుటి మీద చెయ్యి పెట్టబోయాను. "నో ఫీవర్. ఇంగ్లీష్" అన్నాడు.

గురువు నేనేనట. నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది. గల్ఫుకొచ్చి ఇన్నేళ్ళలో బతకడానికి ఏ ఇంగ్లీషు పనికొచ్చిందో ఆ ఇంగ్లీషంతా మొదటిరోజే ఆయన ముందు కుమ్మరించాను. యస్ సర్. షూర్ సర్. నో ప్రాబ్లం సర్. టుమారో ఇన్షా అల్లా సర్. సారీ సర్. ఆయన ఓపిగ్గా విన్నాడు. అన్నీ ఒకసారి పలికాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"దిస్ ఇంగ్లీష్, కెవిన్ హావ్. ఐ వాంట్ అదర్ ఇంగ్లీష్."

ఆ రెండో ఇంగ్లీషు ఏదో నాకు వెంటనే అర్థమైంది. అది నా దగ్గర లేదని కూడా అర్థమైంది. 'నో' అనే మాట తెలియక కాదు. పక్కన 'ప్రాబ్లం'ని తోడివ్వకుండా దాన్ని ఎప్పుడూ గడప దాటించలేదంతే. మన ఇళ్ళల్లోనూ అంతే కదా. ఇష్టం లేనిదానికి చూద్దాం లెండి అంటాం, అవతలివాళ్ళే అర్థం చేసుకోవాలి. తాన్ సారు వాళ్ళ ఊళ్ళోనూ అదే మర్యాదట. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, కాదనడం ఎలాగో కొత్తగా నేర్చుకోవడం మొదలుపెట్టాం.

ఆయన ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పే యాప్ ఒకటి ఉండేది. అందులో అమెరికా అమ్మాయి తియ్యగా, కిటికీ పక్క టేబుల్ దొరుకుతుందా అని అడిగేది. కొండ కింద కిటికీ ఎక్కడిది తల్లీ! దాన్ని తీయించేసి మాకు కావలసిన మాటలు మేమే ఏరుకున్నాం. వాలు, పగులు, వదులు, ఆపండి, ఒప్పుకోను, సంతకం పెట్టను. మాట చివరి హల్లుని ఆయన మింగేసేవాడు. గొంతు చూసే చెక్క పుల్లతో ఆయన నాలుకని పైకీ కిందకీ సర్ది, అద్దం ముందు నిలబెట్టి పలికించేవాణ్ణి. నేనేమో ప్రతి మాటకీ చివర ఒక అచ్చు తగిలించే రకం. ఆయన మింగింది నేను తగిలించింది కలిపి, మధ్యలో ఎక్కడో ఒక ఇంగ్లీషు తయారైంది. వారం తిరిగేసరికి ఆయన మాటలో గోదావరి యాస వినపడసాగింది. నాకు భలే సంబరమనిపించింది.

వ్యాకరణం దగ్గర మాత్రం పోట్లాడుకునేవాళ్ళం. రాయి నిన్న పడితే ఒక మాట, ఇవాళ పడితే ఒక మాట, రేపు పడబోతుంటే ఇంకో మాట అని నేను చెప్తే ఆయనకి చిరాకు.

"సేమ్ రాక్!" అనేవాడు. రాయి ఒకటే అయినప్పుడు ఇన్ని మాటలెందుకని ఆయన బాధ.

"రేపటిది వేరుగా చెప్పాలి సర్. రేపటిదైతేనే మనం ఆపగలం" అన్నాను ఒకసారి. ఆయన నా మొహంలోకి చూసి, ఆ వాక్యం నోరు నొప్పెట్టేదాకా పలికాడు. ఇట్ విల్ ఫాల్. ఇట్ విల్ ఫాల్.

ఈ చదువు సంగతి క్యాంపులో దాగలేదు. తర్వాతి ఆదివారం మీటింగులో తాన్ సారు ఇంకా మాటలు కూడక మళ్ళీ చైనీసులోనే మొత్తుకున్నాడు, కెవిన్ మళ్ళీ చిరునవ్వుతో జాగ్రత్తలన్నాడు. ఆ సాయంత్రమే అతను క్లినిక్‌కి వచ్చాడు. చిరునవ్వు లేని కెవిన్‌ని నేను చూడడం అదే మొదలు.

"నువ్వు ఆయనకి మేలు చేస్తున్నాననుకుంటున్నావా? కన్సల్టెంట్ ఎదుట మేనేజర్ మాట కాదంటే ఆయన్ని మర్నాడే విమానం ఎక్కిస్తారు. నేను అబద్ధాలు చెప్పట్లేదు. ఆయన నోటి దగ్గర కూడు నేను కాపాడుతున్నాను" అన్నాడు.

"మరి కింద తవ్వుతున్నవాళ్ళనో?" అన్నాను. "వాళ్ళని ఎవరు కాపాడతారయ్యా, నీ చిరునవ్వా?"

అతను తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఒక కుర్చీకి ఇద్దరు మనుషులెందుకని లెవీ వచ్చాక అతని ఉద్యోగం మీద కూడా మాటలు నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం జాలి కలగలేదు. కోపమే కలిగింది.

గావ్ వచ్చింది కోపంతో కాదు, వేళాకోళంతో. ఓ మధ్యాహ్నం తలుపులోంచి తొంగి చూసి, "తాన్ ఇండియన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడటగా! మంచి లండన్ కోర్సు నేనే కట్టిస్తానని చెప్పు. ప్రాజెక్ట్ అయిపోనీ" అని ఇంగ్లీషులో నాతో అన్నాడు. నేనింకా నోరు తెరవలేదు.

"ఐ అండర్‌స్టాండ్ కొర్నేలు. కొర్నేలు అండర్‌స్టాండ్ మీ. ఎనఫ్" అన్నాడు తాన్ సారు, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

గావ్ నవ్వాడు. వెళ్తూ వెళ్తూ నన్ను బయటికి పిలిచి, నా ఇకామా గడువు దగ్గరపడుతోందనీ, రెన్యూవల్ కాగితం తన బల్ల మీదే ఉందనీ, నర్సు కట్లు కట్టుకుంటూ ఉంటే అందరికీ మంచిదనీ మెల్లగా చెప్పాడు. ఆ నివాసపు కార్డు లేకపోతే అక్కడ బతకడం మాట అటుంచి రోడ్డు మీద నడవడానికి కూడా లేదు. భయం వేసింది. మర్నాడు తాన్ సారు వచ్చేసరికి చెక్క పుల్ల తీసి సిద్ధంగా పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, బహుశా నాకూ మొండితనం అంటుకుంది.

ఆ తర్వాతి శనివారం సాయంత్రం వాన విరగబడి కురిసింది. ఆదివారం తెల్లారేసరికి కొండంతా పొగమంచు. తాన్ సారు ఒక్కడే పైకెక్కి దిగొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. కొండ నెత్తిన చెయ్యి దూరేంత పగులు నోరు తెరుచుకుని ఉంది. ఫోటో నాకు చూపించాడు. పీరయ్య గుంపు అప్పటికే పారలు పట్టుకుని దిగుడుబాట దగ్గర నిలబడి ఉంది. మీటింగులో నబీల్ సరేననడమే తరువాయి, అందరూ కిందకి దిగాలి.

మీటింగులో గావ్ ఉత్సాహంగా ఉన్నాడు. ఈ ఒక్కరోజు తవ్వితే రేపు కాంక్రీటు అన్నాడు. నబీల్ ల్యాప్‌టాప్ మీదనుంచి తల ఎత్తకుండా, "కొండవాలు ఎలా ఉంది? ఓకేనా?" అన్నాడు. కెవిన్ అలవాటుగా తాన్ సారు వైపు వంగాడు.

తాన్ సారు అతనివైపు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"నో" అన్నాడు.

నబీల్ ల్యాప్‌టాప్ మీదనుంచి తల ఎత్తాడు.

"స్లోప్ నాట్ ఓకే. బిగ్ క్రాక్ ఆన్ టాప్. ఇట్ విల్ ఫాల్. ఐ విల్ నాట్ సైన్. నోబడీ గో డౌన్."

ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా పలికాడు. ఏ హల్లునీ మింగలేదు.

గావ్ పెద్దగా నవ్వాడు. "ఆయనకి ఇంగ్లీషు కొత్త కదా. నో ప్రాబ్లం అనబోయి సగంలో ఆగిపోయాడు" అన్నాడు.

నబీల్ కూడా ఆ మాట పట్టుకుందామనే చూశాడు. పని ఆగితే ఆయనా పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. "కెవిన్, మిస్టర్ తాన్ ఏమంటున్నారు?" అన్నాడు.

"మిస్టర్ తాన్ ఉద్దేశం... ఇంకొంచెం జాగ్రత్త..." అని కెవిన్ మొదలుపెట్టాడు.

తాన్ సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాట్ కెవిన్. మై మౌత్. నో."

"అయితే మేష్టారినే అడగండి. ఈయనకి ఇంగ్లీషు నేర్పింది మన నర్సుగారే" అన్నాడు గావ్ నా వైపు చూపిస్తూ. ఆ చూపులో నా ఇకామా ఉంది. నబీల్ నా వైపు తిరిగాడు. "కొర్నేలు, అతను ఏమన్నాడు?"

ఇన్నేళ్ళుగా ఆ బల్ల దగ్గర నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే, యస్ సర్. అది అలవాటుగా పెదాల దాకా వచ్చింది కూడా. గావ్‌కి అది చాలు. యస్ సర్ అంటే ఎటైనా తిప్పుకోవచ్చు. దిగుడుబాట దగ్గర నిలబడ్డ పీరయ్య గుర్తొచ్చాడు. తాన్ సారు చెప్తాడులే అని నేనిచ్చిన మాట గుర్తొచ్చింది.

"ఆయన నో అన్నారు సర్" అన్నాను. "ప్రాబ్లం అనబోలేదు. ఆ వాక్యం ఎన్నిసార్లు పలికించానో నాకు తెలుసు. నాకు అర్థమైంది, మీకూ అర్థమైంది, గావ్ గారికి అందరికంటే ముందే అర్థమైంది. అక్కడ దెబ్బలు తగిలితే కట్టు కట్టేది నేను. కాబట్టి నేను కూడా నో అంటున్నాను సర్."

గావ్ మొహంలో నవ్వు పోయింది. కుర్చీ వెనక్కి తోసి లేచి, తాన్ సారు మీదా నా మీదా చైనీసులో విరుచుకుపడ్డాడు. చైనీసులో తిట్టడానికి భయమేముంది, మినిట్స్‌లోకి ఎక్కదు కదా! తాన్ సారు కళ్ళు దించకుండా వింటూ నిలబడ్డాడు. గావ్ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నబీల్ చేతులు కీబోర్డు మీద పెట్టి, "మేనేజర్ ఏమంటున్నారు?" అన్నాడు.

అందరూ కెవిన్ వైపు చూశారు. కెవిన్ మొహాన చిరునవ్వు పుట్టబోయి ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తాన్ మాట వెనక్కి తీసుకోకపోతే రేపే ఇంటికి పంపిస్తానంటున్నారు. నర్సు ఇకామా రెన్యూ చెయ్యనంటున్నారు. కొండ మాట ఇక్కడ ఎత్తొద్దని ముందే హెచ్చరించానంటున్నారు" అన్నాడు ఒక్కో వాక్యం తూచినట్టు. గావ్ అతని మీదకి అరిచాడు. కెవిన్ ఆగలేదు. "ఇక ఇది నా మాట. మిస్టర్ తాన్ ఇవాళ కొత్తగా నో అనలేదు. ప్రతి మీటింగులోనూ అన్నారు. నేనే మీకు చెప్పలేదు."

ఇంగ్లీషులో పలికిన మాట అది, వినలేదనడానికి లేదు. నబీల్ మెల్లగా టైపు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత వాకీటాకీ అందుకుని, కిందకి ఎవరూ దిగకూడదని సైటుకి చెప్పాడు.

గావ్ కూర్చున్నాడు. కాలర్ సర్దుకుని, ఈసారి అందరికీ తెలియాలని ఇంగ్లీషులోనే అన్నాడు. "తాన్, యు ఆర్ ఫినిష్డ్. టుమారో గో హోమ్."

తాన్ సారు హెల్మెట్ పెట్టుకున్నాడు. "టుమారో, ఓకే. టుడే, నో" అని బయటికి నడిచాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను.

వాకీటాకీలో చెప్పిన మాట ఆ మంచులో గుంపు దాకా చేరినట్టు లేదు. సరేననడం ఎలాగూ ఖాయమేనని ఎవరు తోలారో, పీరయ్య గుంపులో ముందున్నవాళ్ళు అప్పటికే దిగుడుబాట సగం దాకా వెళ్ళిపోయారు. తాన్ సారు వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళి, రెండు చేతులూ బార్లా చాపి బాటకి అడ్డంగా నిలబడ్డాడు.

"నో! నోబడీ గో డౌన్!"

నేను రొప్పుతూ వచ్చి, తెలుగులో చెప్పబోయాను. "పీరయ్యా, సారు ఏమంటున్నారంటే..."

"అది గూడా చెప్పల్నా సార్ మాకు? ఎవురో ఒకరు అంటారేమోనని గదా ఇన్నాళ్ళూ కాసుకోనుండేది" అన్నాడు పీరయ్య. వెనక్కి తిరిగి, "ఎక్కండ్రా పైకి, సారు నో అంటాండాడు!" అని కొండ దద్దరిల్లేలా అరిచాడు. మనుషులు పారలు భుజాన వేసుకుని ఒకరి వెనక ఒకరు పైకి రావడం మొదలుపెట్టారు. తాన్ సారు ఆఖరి మనిషి దాటేదాకా చేతులు దించలేదు.

ఆయన్ని ఆ వారంలోనే పంపేశారు. నా రెన్యూవల్ కాగితం గావ్ బల్ల మీదే ఉండిపోయింది. నేను ఫైనల్ ఎగ్జిట్ మీద నరసాపురం వచ్చేశాను. ఇప్పుడు భీమవరంలో ఒక నర్సింగ్ హోమ్‌లో కట్లు కడుతున్నాను.

ఈ సంగతి ఎవరికి చెప్పినా, ఇంతకీ కొండ కూలిందా అని అడుగుతారు. నేను చెప్పను. కూలితేనే ఆయన 'నో' నిజమవుతుందా? కూలేదాకా ఆగి మాట్లాడేట్టయితే ఇంజనీరెందుకు, నర్సు చాలడూ?